ఫీజు కట్టే ముందు ఒక నెల

(మహిళా కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



మధ్యలో ఆగిపోయిన చదువు మళ్ళీ మొదలుపెట్టాలని మన దగ్గరకు వచ్చే స్త్రీలు చాలామంది. పదో తరగతి కాగానే పెళ్ళయినవాళ్ళు, ఇంటర్ చదువుతూ పురిటికి వెళ్ళి మళ్ళీ కాలేజీ మెట్లెక్కనివాళ్ళు. పిల్లలు కాస్త చేతికందాక "ఇప్పుడు డిగ్రీ కట్టొచ్చా అక్కా?" అని అడుగుతారు. తప్పకుండా కట్టొచ్చు. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులోనే పుట్టింది. ఇప్పుడది అంబేద్కర్ పేరుతో ఉంది. రెగ్యులర్ కాలేజీకి వెళ్ళలేనివాళ్ళ కోసమే దాన్ని పెట్టారు.

అయితే ఫీజు కట్టే ముందు ఒక నెల రోజులు ఏదైనా ఉచిత ఆన్‌లైన్ కోర్సు చదివి చూడమని వాళ్ళకు చెప్పండి. ఈ రోజు నేను అడగదలచుకున్నది ఇదే.

ఎందుకంటే ఆ ఫీజు ఎక్కడిదో మనకు తెలుసు. పొదుపు సంఘంలో తీసుకున్న అప్పు, లేదా చీటీ పాట డబ్బు. ఇంట్లో మగపిల్లవాడు ఒక కోర్సులో చేరి మానేస్తే నాలుగు రోజులు తిట్టి ఊరుకుంటారు. కోడలు మానేస్తే మాత్రం "ఫీజు తగలేసింది" అనే మాట ఆమె జీవితాంతం వింటుంది. రేపు కూతురు చదువుతానన్నా ఆ మాటే అడ్డుపెడతారు.

2017లో కేంద్ర ప్రభుత్వం 'స్వయం' అనే వేదిక ప్రారంభించింది. వీడియో పాఠాలు, చదువుకోవడానికి పాఠ్యం, మనల్ని మనం పరీక్షించుకునే ప్రశ్నలు అన్నీ అందులో ఉంటాయి. చేరడానికి రూపాయి కట్టక్కర్లేదు. సర్టిఫికెట్ కావాలనుకుంటేనే పరీక్ష ఫీజు. ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం తన పాఠ్యపుస్తకాలను 'ఈ-జ్ఞాన్‌కోశ్'లో ఉచితంగా పెట్టింది. చేరబోయే సబ్జెక్టు పుస్తకం ఎలా ఉంటుందో చేరకముందే తెరిచి చూడొచ్చు.

ఈ నెలలో మనం పరీక్షించేది ఆమె తెలివిని కాదు. పదిమంది వంట, పొలం పని, పిల్లల బడి, అత్తమామల మందులు నడుపుతున్న మనిషి తెలివికి కొత్తగా పరీక్ష పెట్టక్కర్లేదు. పరీక్ష ఆ ఇంటికి. రోజుకు గంటసేపు ఆమెను ఎవరూ పిలవకుండా ఉండగలరా? ఆ గంట ఫోన్ ఆమె చేతిలో ఉంటుందా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు తెలంగాణలో 26.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి. ఫోన్ మీద అధికారం ఎవరిదన్నది వేరే ప్రశ్న.

మా దగ్గరికి వచ్చే ఒక అంగన్‌వాడీ ఆయా స్వయంలో పేరు నమోదు చేసుకోబోతే ఓటీపీ భర్త నంబరుకు వెళ్ళింది. ఆయన పనిలో ఉన్నాడు, సాయంత్రానికి గానీ చెప్పలేదు. అప్పటికి దాని గడువు అయిపోయింది. చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ రేపు విశ్వవిద్యాలయం పంపే హాల్‌టికెట్ సమాచారమూ పరీక్ష తేదీ మార్పూ ఆ నంబరుకే వస్తాయి. ఆమె ముందు తన పేర సిమ్ తీసుకుంది, ఆ తర్వాతే దరఖాస్తు గురించి ఆలోచించింది.

నెల రోజులూ ఒక నోటు పుస్తకంలో రాసుకోమనండి: ఈ రోజు ఎంతసేపు చదివాను, ఎవరు ఆపారు, ఎందుకు ఆపారు. నెలాఖరున ఆ పుస్తకం పట్టుకుని ఇంట్లోవాళ్ళతో మాట్లాడటం తేలిక. "నాకు టైము దొరకడం లేదు" అంటే ఎవరూ వినరు. "పన్నెండు రోజులు రాత్రి వంట వల్ల ఆగింది, వారానికి మూడు రాత్రులు ఎవరు వండుతారు?" అంటే జవాబు చెప్పాలి. "నెల రోజులే చదవలేనిదానివి, మూడేళ్ళు ఏం చదువుతావు?" అనేవాళ్ళూ ఉంటారు. వాళ్ళ ముందు పెట్టాల్సిందీ ఆ పుస్తకమే.

ఇంకో ప్రమాదం ఉంది. స్వయం పాఠాలు ఎక్కువ ఇంగ్లీషులో ఉంటాయి. తెలుగు మీడియంలో చదివిన మనిషి రెండు వీడియోలు చూసి "నాకు రాదు" అని మూసేస్తుంది. రానిది ఆ భాష, ఆ సబ్జెక్టు కాదు. తెలుగులో డిగ్రీ చేయదలచుకున్నవాళ్ళు ఆ సబ్జెక్టు తెలుగు పుస్తకాన్ని ఇదే పద్ధతిలో, ఇదే గంటలో చదివి చూసుకోవాలి.

వీడియో చూడటమొక్కటే చదువు కాదని కూడా చెప్పాలి. దూరవిద్యలో చివరకు పరీక్ష హాల్లో గంటలకొద్దీ చేత్తో రాయాలి. ఇందిరాగాంధీ విశ్వవిద్యాలయంలో అయితే అసైన్‌మెంట్లు ఇవ్వందే పరీక్షకు కూర్చోనివ్వరు. పదిహేనేళ్ళుగా పెన్ను పట్టనివాళ్ళకు వేళ్ళు నొప్పెడతాయి. అందుకని వారానికి ఒక ప్రశ్నకైనా పూర్తి జవాబు కాగితం మీద రాయాలి. స్టడీ సెంటరుకు బస్సు ఎన్నింటికుందో, తిరుగు బస్సు ఎప్పుడో ఆ నెలలోనే ఒకసారి వెళ్ళి చూసుకుని రావాలి. ఆన్‌లైన్ కోర్సు ఇవేవీ చూపించదు.

మోసాల గురించి ఒక్క మాట. నర్సింగ్, ఇంజనీరింగ్ డిగ్రీలు దూరవిద్యలో ఇవ్వడానికి అనుమతి లేదు. "ఇంట్లో కూర్చునే నర్సు కావచ్చు" అనే గోడపత్రిక చూస్తే అడ్రసు రాసుకుని మనకు చెప్పమనండి. ఏ సంస్థకు ఏ సంవత్సరం ఏ కోర్సుకు గుర్తింపు ఉందో యూజీసీ దూరవిద్యా విభాగం జాబితాలో ఉంటుంది. డబ్బు కట్టేముందు మీరే దగ్గర కూర్చుని ఆ పేరు వెతికి చూపించండి.

నెల తర్వాత కొందరు "ఇప్పుడు కాదు, వచ్చే ఏడు" అంటారు. పాప పాలు మరిచాక చేరతానని అన్న అమ్మాయిని నేను తొందరపెట్టలేదు. ఆమె డబ్బు ఆమె దగ్గరే ఉంది, పేరు మన రిజిస్టరులో ఉంది.

ఇక మీ ఆఫీసుల సంగతి. ఆదివారం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా చాలా ఆఫీసులకు తాళం వేసి ఉంటుంది. ఆ రెండు గంటలు తెరవండి. ఒక ఫోన్, నెట్, ఒక చాప చాలు. పిల్లల్ని వెంటబెట్టుకునే వస్తారు కాబట్టి వాళ్ళను చూసుకోవడానికి మీలో ఒకరు వంతు వేసుకోండి. మొదటి ఆదివారం ఎవరు తాళం తీస్తారో భోజనాలకు లేచేలోపు పేర్లు రాసివ్వండి.