చెయ్యి కదిలినా చిత్రం కదలకూడదు



ఈనాటి పాఠాన్ని నా పొరపాటుతోనే మొదలుపెడతాను. 2003లో మా అమ్మమ్మగారి ఊళ్లో మోట తోలడం తెలిసిన పెద్దాయన ఒక్కరే మిగిలారు. అప్పటికే అన్ని బావుల మీదా కరెంటు మోటార్లు వచ్చేశాయి. "మా పిల్లలకి చూపిస్తాను, ఒక్కసారి కట్టండి తాతా!" అని నేను బతిమాలితే, పాత తోలు బాన బాగుచేయించి, ఎడ్లని పూన్చి, మోట తోలి చూపించారు. ఎడ్లు వాలు దిగుతుంటే తాడు మీద కూర్చుని తన బరువు కూడా కలిపే ఆ ఒడుపుని, నేను పక్కనే నడుస్తూ చిన్న వీడియో కెమెరాతో తీశాను.

ఇంటికొచ్చి చూసుకుంటే తెర మీద అంతా కుదుపే. ఎద్దు కాళ్లు, ఆకాశం, బావి గట్టు అన్నీ కలగాపులగం. తరగతిలో వేసి చూపిస్తే రెండు నిమిషాలకే పిల్లలు కళ్లు తిప్పుకున్నారు. మళ్లీ తీద్దామనుకునేలోపు ఆ పెద్దాయన కాలం చేశారు. కెమెరాలో ఏ లోపమూ లేదు. దాన్ని పట్టుకున్న నా చేతికే భౌతికశాస్త్రం గుర్తు లేదు!

ఇవాళ మీలో చాలామంది చేతుల్లో వీడియో తీయగల ఫోను ఉంది. నాకు జరిగిన నష్టం మీకు జరగకూడదనే ఈ పాఠం.

అసలు చిత్రం ఎందుకు కుదురుతుంది? మనం మామూలుగా నడిచేటప్పుడు సెకనుకి సుమారు రెండు అడుగులు వేస్తాం. అడుగడుగుకీ ఒళ్లు నాలుగైదు సెంటీమీటర్లు పైకి లేచి కిందికి దిగుతుంది. ఎడమకీ కుడికీ కూడా ఊగుతుంది. మన మెదడూ కళ్లూ ఈ కుదుపుని ఎప్పటికప్పుడు సరిచేసుకుంటాయి కాబట్టి మనకి తెలియదు. కెమెరాకి ఆ నేర్పు లేదు. పైగా, కెమెరా పక్కకి జరగడం కంటే దాని ముఖం తిరగడం ఎక్కువ హాని చేస్తుంది. ఒక్క డిగ్రీ తిరిగినా, పది మీటర్ల దూరంలో చూపు సుమారు 17 సెంటీమీటర్లు పక్కకి పోతుంది. కాబట్టి మనం ముందుగా ఆపవలసింది ఈ తిరుగుడుని.

ఈ సమస్యకి 1970లలో అమెరికాకి చెందిన గారెట్ బ్రౌన్ ఒక పరిష్కారం కనిపెట్టారు. అదే స్టెడికామ్. 1976లో వచ్చిన 'బౌండ్ ఫర్ గ్లోరీ', 'రాకీ' చిత్రాల్లో దాన్ని వాడారు. మన తెలుగులో 1989లో వచ్చిన 'శివ' సినిమాలో పరుగులు తీసే దృశ్యాలకి ఇది ఉపయోగపడింది. అది ఖరీదైన పరికరం. కానీ దాని వెనకున్న సూత్రానికి ఖరీదు లేదు.

ఇప్పుడు ఒక చిన్న ప్రయోగం చేయండి. అడుగు పొడవున్న స్కేలు మధ్యలో పట్టుకుని, మీ వేళ్లకి దగ్గరగా అటొకటీ ఇటొకటీ రెండు బ్యాటరీలు దారంతో కట్టండి. మణికట్టుని అటూ ఇటూ గబగబా తిప్పి చూడండి. తేలిగ్గా తిరుగుతుంది. అవే బ్యాటరీలని స్కేలు రెండు చివరలకీ జరిపి మళ్లీ తిప్పండి. ఈసారి స్కేలు మొరాయిస్తుంది! బరువు పెరగలేదు, దూరం మాత్రమే పెరిగింది. తిరగడానికి వస్తువు చూపే ఈ అయిష్టతనే జడత్వ భ్రామకం అంటాం. బరువుని రెట్టింపు దూరంలో పెడితే ఇది నాలుగు రెట్లవుతుంది. తాడు మీద నడిచే గారడీవాళ్లు పొడవాటి గడ పట్టుకునేది కూడా ఇందుకే.

తక్కువ ధరకి దొరికే చేతి స్టెబిలైజర్‌లో ఉన్నదీ ఇంతే. పైన కెమెరా, కింద బరువు బిళ్లలు, మధ్యలో కడ్డీ. పిడికి, కడ్డీకి మధ్య అన్ని వైపులకీ తిరిగే కీలు. మీ చెయ్యి వంగినా ఆ వంపు కీలు దగ్గరే ఆగిపోతుంది, కెమెరా దాకా పోదు.

అయితే కొత్తవాళ్లు ఇక్కడే ఒక తప్పు చేస్తారు. కింద ఎంత బరువుంటే అంత స్థిరం అనుకుని బిళ్లలన్నీ తగిలిస్తారు. తంజావూరు బొమ్మ అడుగున బరువుంటుంది కాబట్టి పడదు, నిజమే. కానీ అది ఊగడం మానుతుందా? మానదు! గురుత్వ కేంద్రం కీలుకి బాగా కిందికి పోతే మీ పరికరం లోలకం అయిపోతుంది. మనం నడిచేటప్పుడు ఎడమకీ కుడికీ ఊగేది సుమారు సెకనుకి ఒకసారి. లోలకం ఆవర్తన కాలం కూడా ఒక సెకనుకి దగ్గరగా ఉంటే, ఉయ్యాలని సరిగ్గా అదనుకి తోసినట్టే అవుతుంది. అదే అనునాదం. ఊపు తగ్గకపోగా పెరుగుతుంది. అందుకని గురుత్వ కేంద్రం కీలుకి కొంచెం మాత్రమే కింద ఉండాలి. అప్పుడు ఊగే కాలం బాగా పెరిగి, మీ అడుగుల లయకి దూరంగా ఉంటుంది.

ఆ "కొంచెం" ఎంతో తెలుసుకోవడానికి ఒక పద్ధతి ఉంది. ముందుగా ఫోను తొడుగు, బ్యాటరీ, మెమరీ కార్డు అన్నీ పెట్టేయండి. కెమెరాకి పక్కకి తెరుచుకునే తెర ఉంటే దాన్నీ తెరవండి. తూకం వేశాక ఏది మార్చినా తూకం చెడుతుంది. తరవాత పై పలకని ముందుకీ వెనక్కీ, పక్కలకీ కొద్దికొద్దిగా జరుపుతూ కడ్డీ నిటారుగా నిలిచేలా చేయండి. ఇప్పుడు కడ్డీని అడ్డంగా పట్టుకుని వదలండి. అది నిటారు స్థితికి రావడానికి రెండు, మూడు సెకన్లు పట్టాలి. ఇంకా త్వరగా వస్తే కింద ఒక బిళ్ల తియ్యండి. కదలకుండా అలాగే ఉండిపోతే ఒక బిళ్ల వెయ్యండి. మొదటిసారి అరగంట పట్టినా విసుక్కోకండి. తూకం కుదరనిదే చిత్రం కుదరదు.

ఇక నడక. ఈ పరికరం తిరుగుడుని ఆపుతుంది గాని, పైకీ కిందికీ కుదుపుని ఆపలేదు. అసలు స్టెడికామ్‌లో ఆ పనికి స్ప్రింగుల చెయ్యి ఉంటుంది. మనకి మన మోకాళ్లూ మోచెయ్యే స్ప్రింగులు. మోకాళ్లు కొద్దిగా వంచి, మడమ నుంచి వేళ్ల దాకా పాదాన్ని మెత్తగా మోపండి. నెత్తిన నిండు బిందె పెట్టుకుని చుక్క తొణక్కుండా నడిచే మన ఆడవాళ్లని గమనించండి, ఆ నడకే మీకు పాఠం. రెండో చేతి బొటనవేలు, చూపుడువేలు కీలుకి దగ్గరలో కడ్డీకి తాకీ తాకనట్టు ఆనించి దిశ మార్చండి. గట్టిగా పట్టుకుంటే మీ వణుకు కెమెరాకి చేరుతుంది. జూమ్ వాడకండి, అది దృశ్యంతో పాటు కుదుపునీ పెద్దది చేస్తుంది. ఎదురుగాలి ఉంటే మీ ఒళ్లు అడ్డుపెట్టుకోండి.

"ఇప్పుడు మోటార్లతో నడిచే గింబళ్లు వచ్చాయి కదా, ఫోనే సరిచేస్తుంది కదా, ఈ శ్రమ ఎందుకు?" అని అడగవచ్చు. మంచి ప్రశ్నే. గింబల్లో కదలికని పసిగట్టే సెన్సర్లు, వెంటనే ఎదురు తిప్పే మోటార్లు ఉంటాయి. అయినా ముందు కెమెరాని తూకంగా పెట్టకపోతే ఆ మోటార్లు అనవసరంగా శ్రమపడి, బ్యాటరీ త్వరగా అయిపోతుంది. ఫోను సాఫ్ట్‌వేర్ చేసే సవరణలో చిత్రం అంచులు కొంత కత్తిరించుకుపోతాయి. పరికరం ఏదైనా తూకం, నడక మీవే.

చివరగా ఒక మాట. మీ ఊళ్లో కుమ్మరి సారె తిప్పే పెద్దాయనో, నులకమంచం అల్లే తాతో, పాత పద్ధతిలో పచ్చళ్లు పట్టే నాయనమ్మో ఉండే ఉంటారు. ఈ వారం మీ స్టెబిలైజర్ తూకం సరిచేసుకుని, నాలుగు రోజులు వీధిలో నడిచి సాధన చేయండి. చెయ్యి కుదిరాక వాళ్ల అనుమతి అడిగి, వాళ్ల పని చిత్రించండి. సాధన మాత్రం వాళ్ల ముందు చేయకండి. నేను చేసిన పొరపాటు అదే.

మోట తోలిన ఆ పెద్దాయన చిత్రం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. అందులో ఆయన గొంతు వినబడుతుంది, ఆయన చేతులు మాత్రం సరిగ్గా కనబడవు. మీరు తీసే చిత్రాల్లో చేతులు కూడా కనబడాలని కోరుకుంటూ, సెలవు.