కొత్తగా వచ్చిన పెద్ద కుక్క – ఇంటి శుభ్రత
(రైతుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



పైరుల సంగతి చెప్పవలసినవాడు కుక్కల సంగతి ఎత్తుకొన్నాడేమని మీకు తోచవచ్చును. మన ఒంగోలు ప్రాంతములో మిరపకాయలు కల్లములో ఎండు రోజులలో కాపలాకు పెద్ద కుక్కను తెచ్చుకొనుట కలదు. పట్నము విడిచిపోవు బంధువులు తాము పెంచిన కుక్కను మనకు అప్పగించుటయు కలదు. అట్టి కుక్క వచ్చిన నాలుగు రోజులకే అరుగు మీద మూత్రము పోయును. కాయల ప్రక్కనే మలవిసర్జన చేయును. "మొక్కై వంగనిది మానై వంగునా" అని కొందరు దానిని కొట్టుదురు. కొందరు ఊరి బయట వదలివేయుదురు. రెండును తప్పే.

సంతలో కొన్న ఎద్దు మొదటి రోజున మీ పిలుపును, మీ గాడిని ఎరుగదు. దానికి మీరు వ్యవధి ఇత్తురు. కుక్కకును అంతే.

ఇట్లు చేయుటకు ముఖ్యముగా నాలుగు కారణములు కలవు.

మొదటిది జబ్బు. మూత్రపు దారిలో చీము పట్టుట, మూత్రపిండముల వ్యాధి, మధుమేహము, కడుపులో పురుగులు ఇందుకు కారణము కావచ్చును. కుక్క మామూలుకన్న ఎక్కువ నీరు త్రాగుచున్నను, మాటిమాటికి కొంచెము కొంచెముగా మూత్రము పోయుచున్నను జబ్బును అనుమానింపవలెను. పిల్లలు పుట్టకుండ శస్త్రచికిత్స జరిగిన ఆడకుక్క నిద్రలో తనకు తెలియకనే మూత్రము కార్చవచ్చును. దీనికి మందు కలదు. కనుక శిక్షణకు ముందే పశువుల ఆసుపత్రికి తీసికొనిపోవలెను. పురుగుల మందు, పిచ్చికుక్క వ్యాధి టీకా కూడ అప్పుడే వేయించవలెను.

రెండవది పాత అలవాటు. నేనెరిగిన ఒక రైతు ఇంటికి పట్నమునుండి 6 ఏండ్ల కుక్క వచ్చినది. అది అంతవరకు మేడమీద సిమెంటు గచ్చు పైననే పెరిగినది. గొలుసు విప్పగానే చుట్టును మట్టినేల ఉండగా, అది తిన్నగా సిమెంటు కల్లము ఎక్కెడిది. ఆ రైతు దానిని పొగరని తలచి వదలివేయ సిద్ధపడెను. దానికి తెలిసిన మరుగుదొడ్డి సిమెంటు గచ్చే అని పిమ్మట గ్రహించెను.

మూడవది గుర్తు పెట్టుట. మగకుక్క గుంజలకు, బస్తాలకు కాలెత్తి కొద్దిగా మూత్రము చిమ్మును. శస్త్రచికిత్సతో చాల కుక్కలలో ఇది తగ్గును.

నాలుగవది భయము. గద్దించినప్పుడు ముడుచుకొని మూత్రము విడుచు కుక్కను మరల గద్దించినచో భయము హెచ్చునే గాని అలవాటు మారదు.

ఇక చేయవలసిన పని. పెరటిలో గాని గట్టు ప్రక్కన గాని ఒకే చోటును నిర్ణయింపుడు. కుక్క మూత్రముతో తడిసిన గోనెముక్కను అచ్చట వేయుడు. ఆ వాసన దానికి దారి చూపును. నిద్ర లేవగానే, తిండి తినగానే, రాత్రి పడుకొనుటకు ముందు, పగటివేళ మూడు నాలుగు గంటల కొకమారు తాడు పట్టి అచ్చటికే తీసికొనిపొండు. పని ముగించిన క్షణముననే మెచ్చుకొని చిన్న రొట్టెముక్క పెట్టుడు. తిండి వేళకు పెట్టుడు. నీరు మాత్రము ఎన్నడును తగ్గింపరాదు. మిగిలిన వేళలలో మీ కంటి ఎదుట ఉంచుకొనుడు. తప్పు చేయుచుండగా చూచినచో చప్పట్లు చరచి వెలుపలికి తీసికొనిపొండు. జరిగిపోయిన పిమ్మట కొట్టుట, ముక్కును అందులో రుద్దుట వ్యర్థము. ఎందుకు కొట్టితిరో దానికి తెలియదు.

తడిసిన చోటును సబ్బునీటితో కడిగి, సగము నీరు కలిపిన వినిగరుతో తుడువవలెను. ఫినాయిలు మన ముక్కును మోసగించును గాని కుక్క ముక్కును మోసగింపలేదు. వాసన మిగిలిన చోటికే అది మరల వచ్చును.

కల్లము విషయములో మాత్రము ఉపేక్ష పనికిరాదు. కుక్క మలములో బద్దెపురుగుల గ్రుడ్లు, రోగక్రిములు ఉండవచ్చును. మైలపడిన కాయలను కడిగి కలుపకుడు; కడిగిన కాయ తేమ పట్టి బూజుకు లోనగును. తేమ 10, 11 శాతమునకు దిగిన కాయయే నిలువకు తగినది. కావున మైలపడిన కాయలను, వాటి చుట్టుప్రక్కల కాయలను కూడ తీసి పూడ్చివేయుడు. పట్టాను కడిగి ఎండబెట్టుడు. కుక్కను కల్లము వెలుపల, కాయలు అందనంత దూరమున కట్టుడు. అచ్చటినుండియు అది మొరగగలదు, కాపలాకు లోటుండదు. గొర్రెను కోసినప్పుడు పచ్చి కాలేయము, ఊపిరితిత్తులు దానికి వేయరాదు. అందలి తిత్తులనుండి కుక్కకు బద్దెపురుగు, కుక్కనుండి మనుష్యులకు ఆ తిత్తుల వ్యాధి సంక్రమించును.

నేను చెప్పిన రైతు కుక్కను వదలలేదు. కల్లమునకు దూరముగా రెండు సిమెంటు పలకలు పరచి, వాటిపై దినదినమును కొంచెము కొంచెముగా మట్టి చల్లుచు వచ్చెను. కొన్ని వారములకు పలకలు మట్టిలో కనబడకుండ పోయినవి. కుక్క చోటు మార్చలేదు. మ్రాను వంగదనుట కుక్క విషయములో నిజము కాదు. మన ఓపికయే ముందుగా విరుగుచున్నది.