పద్దెనిమిది నిండేలోపు

నల్లకోటు వేసుకోబోతున్న పిల్లలూ, మీ అమ్మానాన్నలు ముందు వరుసల్లో కూర్చుని మురిసిపోతున్నారు. నేను చెప్పబోయేది మాత్రం అమ్మానాన్నలిద్దరూ పోయిన ఒక పిల్ల సంగతి.

నేను ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఒక ముసలావిడ మా ఆఫీసు మెట్లెక్కి వచ్చింది. చేతిలో బట్టల కొట్టు కవరు. అందులో రెండు మరణ ధ్రువపత్రాలు, రేషన్ కార్డు, మనవరాలి బోనఫైడ్. పిల్లకు పదహారు దాటాయి. తల్లి పేరున బ్యాంకులో కాస్త డిపాజిట్ ఉంది. "దీన్ని పెంచింది నేనే బాబూ. బ్యాంకోళ్లు కోర్టు కాగితం తెమ్మంటున్నారు" అంది.

ఆవిడను పిల్లకు గార్డియన్‌గా నియమించమని 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద పిటిషన్ వేశాను. పిల్ల సంరక్షణ కోరితే, పిల్ల మామూలుగా నివసిస్తున్న ఊరు ఏ కోర్టు పరిధిలోకి వస్తుందో అక్కడే వెయ్యాలి. నేను తండ్రి సొంతూరి కోర్టులో వేశాను! వాపసు వచ్చింది. మళ్లీ వేశాను. నోటీసులు, వాయిదాలు. ఉత్తర్వు చేతికొచ్చేలోపే పిల్లకు పద్దెనిమిది నిండాయి. మైనరే లేకపోతే గార్డియన్ ఎవరికి? కేసు మూసేశారు. "పోన్లే బాబూ" అంది ఆవిడ. తిట్టినా బాగుండేది.

అదే చట్టంలో 12వ సెక్షన్ ఉంది. కేసు తేలేలోపు పిల్లను తాత్కాలికంగా ఎవరి దగ్గర ఉంచాలో, ఆస్తిని ఎలా కాపాడాలో కోర్టు చెప్పవచ్చు. నేను అడగనే లేదు. ఊహ తెలిసిన పిల్లల ఇష్టాన్ని కోర్టు పరిగణించవచ్చని 17వ సెక్షన్ చెబుతోంది. ఆ పిల్లను నేను ఒక్క మాటైనా అడిగిన గుర్తు లేదు. పైగా ఫీజు తీసుకున్నాను. మహిళలకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం ఇవ్వాలని 1987 నాటి న్యాయసేవల చట్టం చెబుతుంటే!

ముసలివాళ్లకు పిల్లల్ని ఎవరిస్తారని కొందరు ప్లీడర్లు మొదటి రోజే నిరుత్సాహపరుస్తారు. కోవిడ్‌లో తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్న అహ్మదాబాద్ పిల్లవాణ్ణి హైకోర్టు తల్లి తోబుట్టువుకు అప్పగిస్తే, 2022లో సుప్రీంకోర్టు నాయనమ్మా తాతలకే ఇచ్చింది. ఆ తీర్పు చదువుకోండి.

రేపు మీ గదిలోకి ఇలాంటి అవ్వో తాతో కవరు పట్టుకుని వస్తే కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, ముందుగా పిల్ల పుట్టిన తేదీ అడగండి.