ఆశపోతు గుర్తు – తప్పిపోయిన పేర్లు
(వార్షికోత్సవమునందు ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగపాఠము)



మీ పిల్లల పేర్ల విషయమున నేను చేసిన పొరపాటు నొకదానిని మీ యెదుట ఒప్పుకొని, దానివలన నేర్చుకొన్నది విన్నవించుట నా ధర్మము.

గత సంవత్సరము తెలుగు మాతృభాషగా గల విద్యార్థుల పట్టికను కంప్యూటరుపై సిద్ధపరచుచుంటిని. ఒక్కొక్క వరుసలో పెక్కు పేర్లును, ప్రతి పేరు ప్రక్కన కుండలీకరణములలో ఊరును ఉండెను. ఊళ్లను మాత్రము తొలగింపగోరి, \(.*\) అను రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ వ్రాసి, దాని స్థానమున శూన్యము నుంచితిని. మరునాడొక తల్లి వచ్చి, "మాస్టారూ, మా అమ్మాయి పేరు లేదేమండీ?" అని యడిగెను. చూడగా వరుసకు మొదటి పేరొక్కటియే మిగిలియుండెను.

కారణ మిది. చుక్క యనగా ఏదేని ఒక అక్షరము. నక్షత్రపు గుర్తనగా ఎన్నిసార్లైనను. ఇది ఆశపోతు గుర్తు. పంక్తిలో తొలి విస్తరినుండి తుది విస్తరివరకు తనదే యనువానివలె, అది వరుస కొసవరకు పోయి, వెనుకకు మరలుచు, కడపటి కుండలి దొరకినచోట నాగును. నడుమనున్న బిడ్డల పేర్లన్నియు దాని కడుపులో పడును.

నక్షత్రము వెంట ప్రశ్నార్థకము చేర్చి \(.*?\) అని వ్రాసినచో, మొదట దొరకిన మూతకడనే తృప్తిపడును. 1994 లో వెలువడిన పెర్ల్ 5 నందు ఈ సౌకర్యము కలదు. పైథాన్, జావాస్క్రిప్టులందును కలదు. సెడ్ అను సాధనమున సామాన్యముగ లేదు.

అయినను ఇది సర్వరోగనివారిణి కాదు. "సీత (హోసూరు), లీల (బళ్లారి)" అనుచోట బళ్లారిని మాత్రము తీయుటకు \(.*?బళ్లారి\) అని వ్రాసితిరా, హోసూరుతోబాటు లీలయు మాయమగును. ఏలయనగా వెదకుట ఎడమవైపు మొదటి కుండలికడనే యారంభమగును. మితభోజి యైనను తప్పు విస్తరికడ కూర్చుండెను గదా! కావున "కుండలి తప్ప మరి యేదైనను" అని హద్దు చెప్పి, \([^()]*బళ్లారి\) అని వ్రాయుట మేలు.

దైవవశమున మూలప్రతి నాకడ భద్రముగ నుండెను. పట్టిక కార్యాలయమునకు పోకమునుపే సరిదిద్దితిని. నాటినుండి మూడు నియమములు పాటించుచున్నాను: ముందు నకలు దాచుట, ఒక్క వరుసపై పరీక్షించుట, మార్పునకు ముందును వెనుకను పేర్లు లెక్కించుట.

మనవంటి అల్పసంఖ్యాకుల పాఠశాలకు ప్రతి బిడ్డయు లెక్కలోనిదే. మీ పిల్లలు ఈ విద్య నేర్చునపుడు, "ఇది ఎక్కడ ఆగును?" అని తప్పక అడుగుడు. పేరు లేదని నన్నడిగిన ఆ తల్లికి నేను కృతజ్ఞుడను.