వాదము, జల్పము, వితండము
(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన పాఠశాల పిల్లలను గూర్చి తల్లిదండ్రులు మాతో తరచుగా చెప్పుకొను కష్టమొకటి కలదు. పిల్లలు టెలివిజనులోను, సెల్‌ఫోనులోను ఆకాశనౌకల కథలను, కాలయంత్రముల కథలను చూచుచున్నారు. చూచి ఊరకుండక, ఆ నౌక అంత వేగముగా ఎట్లు పోయెను, ఆ మనుష్యుడు ఇచ్చట మాయమై అచ్చట ఎట్లు ప్రత్యక్షమయ్యెను అని గంటల తరబడి తగవులాడుచున్నారు. "లేనిపోని కథకు ఇంత రచ్చ ఏల? ఆ కాలము పాఠములపై పెట్టరాదా?" అని మీరు అడుగుచున్నారు. ఈ ప్రశ్నకు మాకు తోచిన సమాధానమును నేడు మీ ముందుంచ దలచితిమి.

చర్చ యనునది మన దేశమునకు క్రొత్త కాదు. గౌతముని న్యాయసూత్రములు చర్చను మూడు విధములుగా విభజించినవి. సత్యమును తెలిసికొనుటకై చేయునది వాదము. గెలుపే పరమార్థముగా చేయునది జల్పము. తనకంటూ ఒక పక్షము లేక, ఎదుటివాని మాటను ఖండించుటకే చేయునది వితండము. ఈ కడపటి మాట మన ఇండ్లలో నేటికిని వాడుకలో నున్నదే. పిల్లల తగవు ఈ మూడింటిలో ఏదియో తెలిసికొనక దానిని మాన్పించుట తగదని మా మనవి. జల్పమైనచో సరిదిద్దవలెను. వితండమైనచో ఆపవలెను. వాదమైనచో మాత్రము దానిని పోషింపవలెను. ఏలయన విజ్ఞానశాస్త్రమునకు అదియే తొలిమెట్టు.

ఇట్టి చర్చలకు లోకములో మిక్కిలి పేరుపడిన కథ స్టార్ ట్రెక్ అను అమెరికా ధారావాహిక. జీన్ రాడెన్‌బెరీ అను రచయిత సృష్టించిన ఈ కథ 1966 సెప్టెంబరు 8న అచ్చటి టెలివిజనులో ఆరంభమయ్యెను. రెండవ సంవత్సరముతోనే నిలిపివేయుదురను వార్త వ్యాపింపగా, ప్రేక్షకులు వేలకొలది ఉత్తరములు వ్రాసిరి. మూడవ సంవత్సరము కూడ నడచి, 79 భాగములతో 1969లో ముగిసెను. మన దేశమున 1980వ దశాబ్దములో దూరదర్శన్ దీనిని ప్రసారము చేసినది. పిమ్మట 1998లో కేతన్ మెహతా నిర్మించిన కెప్టెన్ వ్యోమ్ అను హిందీ ధారావాహిక కూడ దూరదర్శన్‌లో వచ్చి, ఆనాటి బాలురను ఆకర్షించినది. నేటి తండ్రులలో కొందరు ఆనాటి ఆ బాలురే యనుట మరువరాదు.

స్టార్ ట్రెక్ కథలో ఒక సాధనమున్నది. మనుష్యుని అణువులుగా విడదీసి, క్రిందనున్న గ్రహముపైకి పంపి, అచ్చట మరల కూర్చును. ఇది ఏ శాస్త్రజ్ఞుని ఊహయు కాదు. ప్రతివారము నౌక గ్రహముపై దిగుచున్నట్లు చిత్రించుటకు వ్యయము అధికమగుటచే, నిర్మాతలు కనిపెట్టిన పొదుపు మార్గమది. అయినను చూచువారు దానిని ఊరక విడిచిపెట్టలేదు. 1927లో హైసెన్‌బర్గ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు, సూక్ష్మకణము యొక్క స్థానమును, దాని గమనమును ఏకకాలమున పూర్ణముగా నిర్ణయింప వీలులేదని సిద్ధాంతీకరించెను. అట్లయినచో మనుష్యునిలోని కణములన్నిటి స్థితిని తెలిసికొని మరల కూర్చుట ఎట్లని ఆక్షేపణ వచ్చినది. 1987లో ఆరంభమైన తరువాతి ధారావాహికలో, ఆ లోపమును సవరించు పరికరమొకటి తమ నౌకలో నున్నదని కథకులు హైసెన్‌బర్గ్ పేరుతోనే కల్పించిరి. అది ఎట్లు పనిచేయునని అడుగగా, ఆ ధారావాహికకు సాంకేతిక సలహాదారుడగు మైకేల్ ఒకూడా, చాల చక్కగా పనిచేయుచున్నదని చమత్కారముగా బదులిచ్చెను.

ఈ ముచ్చటలో నవ్వుతో పాటు నీతియు కలదు. కథకుడు తనకు తోచినట్లు వ్రాయవచ్చును గాని, ప్రకృతి నియమమును ఎరిగిన ప్రేక్షకుని ఎదుట ఆ నియమమును గుర్తించి తీరవలసినవాడే. ప్రశ్నించు ప్రేక్షకుడు కథకుని కూడ జాగరూకుని చేయును.

ఇక నౌక వేగమును చూతము. కాంతి సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోవును. ఒక సంవత్సరములో అది పోవు దూరము దాదాపు 9.46 లక్షల కోట్ల కిలోమీటర్లు. సూర్యుని విడిచినచో మనకు అతి సమీపమున నున్న నక్షత్రమే 4.2 కాంతి సంవత్సరముల దూరమున నున్నది. కాంతికంటె వేగముగా పోవుట వస్తువునకు సాధ్యము కాదని ఐన్‌స్టీను సిద్ధాంతము. మరి కథలోని నౌక వారమునకొక నక్షత్రమును ఎట్లు చేరును? ఈ ప్రశ్న పిల్లల తగవుగనే ఉండిపోలేదు. 1994లో మిగెల్ అల్కుబియెర్రె అను మెక్సికో శాస్త్రజ్ఞుడు దీనికి సంబంధించిన ఒక పరిశోధన వ్యాసమును ప్రకటించెను. నౌక కదలుటకు బదులు, దాని ముందరి ఆకాశము ముడుచుకొని, వెనుకటి ఆకాశము విప్పారినచో, ఐన్‌స్టీను సమీకరణములకు విరోధము రాదని ఆయన గణితమువలన చూపెను. అయితే దానికి ఋణశక్తి కావలెను. అట్టి శక్తిని అంత పరిమాణమున సంపాదించు మార్గము నేటికిని లేదు. అనగా గణితము ఒప్పుకొన్నను ప్రకృతి ఇంకను ఒప్పుకొనలేదు. ఈ రెంటి భేదమును గ్రహించిన బాలుడు ఒక గొప్ప పాఠమును నేర్చినవాడే.

పరదేశపు కథలు ఏల, మన తెలుగు కథనే తీసికొందము. సింగీతం శ్రీనివాసరావు గారి దర్శకత్వమున 1991 జూలైలో వెలువడిన ఆదిత్య 369 చలనచిత్రమును మీలో చూడనివారు అరుదు. 2025 ఏప్రిల్‌లో అది మరల థియేటర్లకు వచ్చినది. టెలివిజను మూలమున మన పిల్లలకు కూడ అది సుపరిచితమే. 1895లో హెచ్. జి. వెల్స్ అను ఆంగ్ల రచయిత కాలయంత్రమును గూర్చి నవల వ్రాసెను. అట్టి యంత్రమునే మన దర్శకుడు తెలుగువారి చరిత్రతో ముడివేసెను. నందమూరి బాలకృష్ణ గారు నేటి యువకుడుగను, శ్రీకృష్ణదేవరాయలుగను రెండు పాత్రలు ధరించిరి. యంత్రము మొదట 1526వ సంవత్సరమునకును, పిదప 2504వ సంవత్సరమునకును పోవును.

ఈ కథపై పిల్లవాడు అడుగదగిన ప్రశ్నలు మూడు తరగతులుగా నుండును.

మొదటిది, చరిత్రకు సంబంధించినది. 1526లో విజయనగరమును రాయలే పాలించుచుండెనా? ఆయన పాలనము 1509 మొదలు 1529 వరకు. కావున కథ సరియైనదే. ఆ వెంటనే మరియొక ప్రశ్న పుట్టును. 1565లో తళ్లికోట యుద్ధమున కలుగబోవు ఓటమిని ఎవరైన ముందుగనే రాయలకు చెప్పియుండినచో ఏమగును? ఓటమి తప్పినచో రాజధాని మన పొరుగుననే యున్న పెనుకొండకు మారదు. హంపీ పాడుపడదు. అప్పుడు కాలయంత్రమున పోయిన యువకుడు చదివిన చరిత్రయే వేరగును. మారిన చరిత్రను చదివినవాడు, లేని ఓటమిని గూర్చి హెచ్చరించుటకు ఏల పోవును? కార్యము తన కారణమునే మ్రింగివేయు ఈ చిక్కుముడి పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులను సైతము ఆలోచింపజేసినది. పెనుకొండ కోటను చూచిన మన తాలూకా బాలునికి ఇది పుస్తకములోని చిక్కు కాదు, కన్నులకు కనబడు చిక్కు.

రెండవది, ప్రకృతి నియమమునకు సంబంధించినది. భూమి సూర్యుని చుట్టు సెకనుకు సుమారు 30 కిలోమీటర్ల వేగమున తిరుగుచున్నది. గంటకు లక్షా 8 వేల కిలోమీటర్లు. యంత్రము కాలములో మాత్రమే కదలినచో, ఒక గంట వెనుకకు పోయినను దాని క్రింద భూమి యుండునా? ఆ లెక్కను పిల్లవానిచేత వేయించి చూడుడు. 2504లో అణుయుద్ధ ఫలితమైన వికిరణమునకు వెరచి మనుష్యులు భూగర్భమున నివసించుచున్నట్లు చూపిరి. యుద్ధము జరిగి 300 ఏండ్లు గడచినవనుకొందము. సీజియము 137 అను పదార్థము యొక్క అర్ధాయువు సుమారు 30 ఏండ్లు. 10 మారులు సగము చేసినచో, మిగులునది రమారమి వేయింట ఒక వంతు. ప్లుటోనియము 239 యొక్క అర్ధాయువో 24 వేల ఏండ్లు. అది 300 ఏండ్లకు నూటికి 99 వంతులు అట్లే యుండును. భూమిపైకి రావచ్చునా రారాదా యను ప్రశ్నకు సమాధానము, అచ్చట మిగిలినది ఏ పదార్థము, ఎంత యను దానిపై ఆధారపడును. చూచితిరా! సినిమా కథ లెక్కల తరగతియైనది.

మూడవది, మనుష్యునికి సంబంధించినది. యంత్రము పనిచేసినది సరే, దానివలన ఎవరికి మేలు, ఎవరికి కీడు? మొదటి రెండు ప్రశ్నలను అడిగి, ఈ మూడవదానిని అడుగని విద్య అసంపూర్ణము.

ఈ మూడు ప్రశ్నలును కథలకే పరిమితము కావు. మన నాగలమడికె హోబళిలో తిరుమణి మొదలైన 5 గ్రామముల పరిధిలో, సుమారు 13 వేల ఎకరములలో సౌరవిద్యుత్ కేంద్రము వెలసియున్నది. దాని సామర్థ్యము 2,050 మెగావాట్లు. 2018 మార్చిలో ప్రారంభింపబడి, 2019 డిసెంబరు నాటికి పూర్తియైనది. సిలికాన్ సౌరఫలకము 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో సిద్ధమైనది. 1958లో వాన్‌గార్డ్ అను ఉపగ్రహముపై అట్టి ఫలకములు ఆకాశమున కెగసినవి. ఒకప్పుడు ఆకాశనౌకకు చెందిన వస్తువు, నేడు మన వేరుసెనగ చేల నడుమ నిలిచినది. ఇది మన చరిత్రలో ఎట్లు వచ్చెను? ఎండ విద్యుత్తుగా ఏ నియమమున మారుచున్నది? భూమిని కొనక, రైతులనుండి కౌలునకు తీసికొనిరి. రైతునకు కౌలు వచ్చుచుండగా, ఆ పొలములలో కూలి చేసికొని బ్రతికిన భూమిలేనివారి మాట ఏమి? కథను గూర్చి ఈ మూడు ప్రశ్నలను అడుగ నేర్చిన పిల్లవాడే రేపు తన ఊరిని గూర్చియు వానిని అడుగగలడు. మేము ఈ చర్చలను కాపాడుకొనవలెననుటకు ముఖ్య కారణమిదియే.

మరియొక కారణము భాష. మన తాలూకాలో ఇంట తెలుగు, రాజ్యభాషగా కన్నడము, పై చదువులకు ఆంగ్లము. మూడును కావలసినవే. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషయందు బోధనకు వసతులు కల్పింపవలెనని రాజ్యాంగమున 350-ఎ అధికరణము చెప్పుచున్నది. అది 1956లో చేరినది. అయితే అధికరణము బడిని కాపాడవచ్చును గాని, భాషను కాపాడునది దానిలో ఆలోచించు అలవాటు. పిల్లవాడు అన్నము వడ్డింపుమనుటకు తెలుగును, ఆలోచించుటకు పరభాషను వాడినచో, తెలుగు వంటింటికే పరిమితమగును. కాంతి సంవత్సరము, గురుత్వాకర్షణము, అర్ధాయువు అను మాటలతో అరుగుమీద వాదించు బాలుడు మన భాషను శాస్త్రభాషగా బ్రతికించుచున్నాడు. శక్తి, వేగము, విద్యుత్తు, గురుత్వాకర్షణము వంటి మాటలు కన్నడమునకును మనకును ఉమ్మడి సొత్తు. కావున తెలుగులో స్పష్టపడిన ఊహ కన్నడములోనికి సుళువుగా నడచిపోవును. ఊహ స్పష్టమైనవానికి ఆంగ్లమున పేరు నేర్చుట కష్టము కాదు.

అయితే తల్లిదండ్రులారా! మీ ఆందోళనమునకు ఆధారము లేదని మేము చెప్పము. నిదుర చెడునంతగా తెరను చూచుట చెడ్డదే. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లని పట్టుపట్టి, స్నేహితుని అవమానించు తగవు జల్పమే గాని వాదము కాదు. అందుచేత మూడు చిన్న కట్టుబాట్లను మనవి చేయుచున్నాము.

ఒకటి, చూచుటకు వేళ నిర్ణయింపుడు. చర్చించుటకు కూడ వేళ నిండు మనసుతో నొసగుడు. రెండు, తగవు వినబడినప్పుడు "నోరు మూయుడు" అనక, "అది నీకెట్లు తెలియును?" అని అడుగుడు. సమాధానము మీకు తెలియనక్కరలేదు. ఆ ప్రశ్న ఒక్కటి చాలును. బడికి పోని తల్లియు ఈ ప్రశ్నను అడుగగలదు. మూడు, తన మాట చెప్పుటకు ముందు, ఎదుటివాని మాటను అతడు ఒప్పుకొనునట్లు తిరిగి చెప్పుమని పిల్లవానిని ఆజ్ఞాపింపుడు. దీనినే మన పెద్దలు పూర్వపక్షమనిరి. పూర్వపక్షమును న్యాయముగా చెప్పగలవాడు వితండమునకు దిగడు.

పాఠశాలలో కూడ శనివారమున ఒక గంట ఇట్టి వాదమునకు కేటాయింపవలెనని మేము ఉపాధ్యాయులను కోరుచున్నాము. ఆ గంటకు మీరును వచ్చి వెనుక బల్లలపై కూర్చుండి వినుడు. పిల్లల ప్రశ్నలలో కొన్నిటికి సమాధానములు దొరకును. కొన్నిటికి లోకములో ఎవరియొద్దను ఇంకను దొరకలేదు. అట్టివానిని పలకపై వ్రాసి అట్లే ఉంచుదము. వానిలో ఏ ఒక్కటియైనను మన తాలూకా బిడ్డ ఎవరో ఒకరు ఏనాటికైన విప్పవచ్చునను ఆశతో, మీ సెలవు గైకొనుచున్నాము.