గుర్తుపట్టమని అడగకండి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం వాళ్ళు నన్ను కాలువల గురించి మాట్లాడమన్నారు. నీటిపారుదల శాఖలో ముప్పై ఏళ్ళు చేసినవాణ్ణి కాబట్టి అలా అడగడం సహజం. కానీ మన డెల్టాలో కాలువల గురించి చెప్పగలిగినవాళ్ళు వీధికి నలుగురున్నారు. నేను మా ఇంటి గురించి చెబుతానన్నాను. మా ఆవిడ కూడా ఈ బడి విద్యార్థినే. నాకంటే రెండు తరగతులు వెనక. మీలో చాలామందికి ఆవిడ తెలుసు. ఆవిడకు యాభై ఒకటో ఏట డిమెన్షియా మొదలైంది. ఇప్పుడు యాభై అయిదు.

ఇంటి విషయం సభలో చెప్పొచ్చా అని మీకు అనిపించవచ్చు. జబ్బు పేరు తెలిసిన కొత్తలో, తెలివి బాగా ఉన్న రోజుల్లోనే, "దీన్ని దాచకండి. దాస్తే జనం పిచ్చి అనుకుంటారు" అని ఆవిడే నాతో అంది. ఆ మాట మీదే ఇవాళ మాట్లాడుతున్నాను.

మతిమరుపు అందరికీ ఉంటుందండి. పాల ప్యాకెట్ తేవడం మరిచిపోతే అది మతిమరుపు. తెచ్చిన ప్యాకెట్‌ని ఏం చెయ్యాలో తోచకపోతే అది వేరు. మా ఇంట్లో లెక్కలన్నీ ఆవిడవే. పాల ఖాతా, చీటీ వాయిదా, గ్యాస్ బుకింగ్, నాకు ఏదీ పట్టేది కాదు. ఒక నెల చీటీ డబ్బు రెండుసార్లు కట్టింది. పాతికేళ్ళుగా పెడుతున్న పులుసు మధ్యలో ఆపి, తర్వాత ఏం వెయ్యాలండీ అని నన్ను అడిగింది. రామచంద్రపురంలో బస్సు దిగి, పుట్టింటికి వెళ్ళే బస్సు ఎక్కడ ఆగుతుందో తెలియక గంటసేపు నిలబడిపోయింది.

ఒక డాక్టరు వయసు మార్పులన్నారు. ఇంకొకరు మనోవ్యాకులత అని ఏడాదిపాటు మాత్రలిచ్చారు. ఆ తర్వాత నరాల డాక్టరు వరసగా పరీక్షలు చేయించారు. థైరాయిడ్, బి12, ఎమ్మారై, కాగితం మీద గడియారం బొమ్మ వేయించే పరీక్ష. ఈ వరస మీరు గుర్తుంచుకోవాలి. థైరాయిడ్ తగ్గినా, బి12 లోపించినా, తలలో రక్తం గడ్డకట్టినా, నిజంగానే డిప్రెషన్ ఉన్నా మనిషి ఇలాగే అయిపోవచ్చు. వాటికి వైద్యం ఉంది. అందుకే "పెద్దతనం కదా, చాదస్తం" అని ఇంట్లో కూర్చోబెట్టకూడదు. మా ఆవిడకు అవేవీ కావని తేలింది. అల్జీమర్స్ అన్నారు. డోనెపెజిల్, మెమంటిన్ లాంటి మందులు కొంతమందికి కొంతకాలం ఊతమిస్తాయి, జబ్బును ఆపవు.

ఇక రోజు ఎలా గడుస్తుందో చెబుతాను. ఇలాంటి ఇల్లు మీ బంధువర్గంలో ఒకటైనా ఉండే ఉంటుంది, పనికొస్తుంది.

నేను అయిదింటికి లేస్తాను. ఆవిడ లేచేలోపు నా స్నానం, వంట అయిపోవాలి. "పళ్ళు తోముకో" అంటే ఆవిడకు తోచదు. అందులో పది పనులున్నాయి. బ్రష్ మీద పేస్టు వేసి చేతికిచ్చి, పక్కన నిలబడి నేనూ తోముకుంటే, నన్ను చూసి చేస్తుంది. తలమీద నీళ్ళు పోస్తే భయపడుతుంది. పాదాల దగ్గర మొదలుపెట్టి చెంబుతో నెమ్మదిగా పైకి రావాలి. ఏ చీర కట్టుకుంటావని అడిగితే గాభరా పడుతుంది. అందుకని తొడుక్కునే వరసలోనే బట్టలు మంచం మీద పెడతాను. పెరుగన్నం తెల్ల పళ్ళెంలో పెడితే సగం వదిలేసేది. ముదురు నీలం పళ్ళెంలోకి మార్చాక మొత్తం తింటోంది. ఆకలి లేక కాదు, అన్నం కనపడక వదిలేసేదన్నమాట. రాత్రి బాత్రూమ్ లైటు ఆర్పను, తలుపు మూయను. బయటికి వెళ్ళేటప్పుడు గ్యాస్ రెగ్యులేటర్ తీసేస్తాను. మెడలో గొలుసుకి చిన్న బిళ్ళ, దానిమీద నా ఫోన్ నంబరు.

తొమ్మిదింటికి ఒకావిడ వస్తుంది. సాయంత్రం దాకా ఉంటుంది. నా జీతంలో మూడోవంతు ఆవిడకే. పదోన్నతి మీద వేరే జిల్లాకు వెళ్ళమంటే వద్దని రాసిచ్చాను. అందుకు నాకు బాధ లేదు. కాకపోతే జీతమే లేని కూలి ఇంట్లో ఈ జబ్బు వస్తే ఎవరు పనికి వెళ్ళాలి, ఎవరు ఇంట్లో ఉండాలి అని రోజూ అనుకుంటాను.

కష్టమంతా సాయంత్రమే. దీపాలు పెట్టే వేళకు ఈ జబ్బున్న చాలామందికి అలజడి పెరుగుతుందట. "ఇంటికి పోదామండి, అమ్మ ఎదురుచూస్తుంది" అంటుంది, సొంత ఇంట్లో కూర్చునే. వాళ్ళమ్మగారు పోయి తొమ్మిదేళ్ళు. ఆ సంగతి చెబితే ఆవిడకు అది ఆ క్షణాన తెలిసిన కబురు. ప్రతి సాయంత్రం ఒక మనిషికి తల్లి చావు కబురు చెప్పలేం కదండీ. "అమ్మ ఇవాళ ఏం వండి ఉంటుందంటావు?" అని అడుగుతాను. చేమదుంపల పులుసు అంటుంది. అక్కణ్ణించి కబుర్లు కోటిపల్లి రేవుకీ, ద్రాక్షారామం గుడికీ వెళతాయి. చెప్పులు వేసుకుని కాసేపు వీధి చివరిదాకా నడిచి వస్తాం. గుమ్మం దగ్గరికి రాగానే "వచ్చేశాం" అంటాను. ఆవిడ కూడా "హమ్మయ్య, వచ్చేశాం" అంటుంది.

కొన్ని రాత్రులు నేనెవరో తెలియదు. అలాంటప్పుడు కూడా మర్యాద తప్పదు. "మా ఆయన ఇంకా ఆఫీసు నుంచి రాలేదండి. కూర్చోండి, కాఫీ తాగి వెళ్దురుగాని" అంటుంది. నేను చుట్టంలా కూర్చుంటాను. ఒకరోజు ఉండబట్టలేక, "మీ ఆయన మంచివారేనా అమ్మా?" అని అడిగాను. "మంచివారేనండి. ఆలస్యంగా వస్తారు, అంతే" అంది. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నా గురించి అంత కచ్చితమైన రిపోర్టు ఎవరూ రాయలేదు.

పాతవి గుర్తుండి, పొద్దున్న తిన్న ఇడ్లీ గుర్తులేకపోవడమేమిటని చాలామంది అడుగుతారు. నటిస్తోందేమో అన్నవాళ్ళూ ఉన్నారు. ఇంజనీరు భాషలో చెబుతాను. పాత ఎం.బుక్కులన్నీ బీరువాలో భద్రంగా ఉన్నాయి. ఇవాళ తీసిన కొలత రాసుకునే గుమాస్తా లేడు. మెదడులో కొత్త జ్ఞాపకాలను నమోదు చేసే హిప్పోకాంపస్ అనే భాగం ఈ జబ్బులో ముందుగా దెబ్బతినేవాటిలో ఒకటి. బీరువాకు చెద పట్టడం తర్వాతి దశ. అందుకే అడిగిందే ఇరవైసార్లు అడుగుతుంది. ఆవిడకు ప్రతిసారీ అది మొదటిసారే.

ఇప్పుడు మీతో అసలు మాట. ఇలాంటి సభల్లో మనం సంబరంగా అడిగే మాట ఒకటుంది. "ఏం, నన్ను గుర్తుపట్టావా? నేనెవరో చెప్పు చూద్దాం!" నలభై ఏళ్ళ తర్వాత కలిసినప్పుడు అంతకంటే తియ్యని మాట లేదు. కానీ డిమెన్షియా ఉన్న మనిషికి అది పాఠం చదవకుండా రాసే పరీక్ష. జవాబు రాదు. రాదని మాత్రం తెలుస్తుంది. ముఖం చిన్నబోతుంది. ఆ పేరు మరిచిపోతుంది గానీ, ఆ చిన్నతనం సాయంత్రం దాకా ఉంటుంది. కాబట్టి మా ఇంటికి వచ్చినప్పుడు మీరే ముందు చెప్పండి. "అక్కా, నేను ఫలానా, నీ పక్క బెంచీలో కూర్చునేదాన్ని" అనండి. ఆవిడ నవ్వుతుంది. మీరెవరో తెలియకపోయినా, వచ్చింది మనవాళ్ళేనని తెలుస్తుంది.

మాష్టార్లకు ఒక కబురు. అలజడి పెరిగి, నా చెయ్యి విదిలించి గేటు దగ్గర నిలబడినప్పుడు నా దగ్గర ఒక మందుంది. ఏడో ఎక్కం మొదలుపెడతాను. "ఏడొకట్ల ఏడు, ఏడు రెళ్ళు..." అనగానే అందుకుంటుంది. ఏడు పదులు డెబ్బై దాకా తప్పు లేకుండా చెప్పి, నాకేసి విజయగర్వంతో చూస్తుంది. కూతురి పేరు తడబడే మనిషికి ఎక్కం తడబడటం లేదు. ధనుర్మాసంలో ముగ్గు గిన్నె చేతికిస్తే చుక్కలు పెడుతుంది, కలుపుతుంది. చేత్తో, నోటితో మళ్ళీ మళ్ళీ చేసి నేర్చినవి మెదడులో వేరేచోట ఉంటాయట, అవి ఆలస్యంగా పోతాయట. చింతబరికె పట్టుకుని మీరు చెప్పించిన ఎక్కాలు మా ఇంట్లో ఇవాళ్టికీ పనిచేస్తున్నాయి మాష్టారూ.

ఈ జబ్బుకు పేరు వచ్చిన కథలో కూడా ఒక భర్త ఉన్నాడు. జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో 1901లో ఆగస్ట్ డీటర్ అనే ఆవిణ్ణి ఆసుపత్రిలో చేర్చారు. వయసు 51. భర్త కార్ల్, రైల్వే గుమాస్తా. డాక్టర్ అలాయిస్ అల్జీమర్ ఆవిణ్ణి పరీక్షించి, తన పేరు తాను రాయలేకపోవడం నమోదు చేశారు. 1906లో ఆవిడ చనిపోయాక మెదడును సూక్ష్మదర్శినితో చూసి లోకానికి చెప్పారు. డాక్టరు పేరు జబ్బుకు నిలిచింది. ఇంట్లో అన్నాళ్ళూ చూసుకున్న గుమాస్తాను ఎవరూ తలచరు. నాకు మాత్రం ఆయన దగ్గరి బంధువులా అనిపిస్తాడు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 2021 నాటికి లోకంలో అయిదు కోట్ల డెబ్బై లక్షల మందికి డిమెన్షియా ఉంది. మన దేశంలో అరవై దాటినవారిలో నూటికి ఏడుగురికి పైగా, అంటే దాదాపు 88 లక్షల మంది ఉంటారని అంచనా. మా ఆవిడలా అరవై అయిదులోపే వచ్చేది తక్కువ, కానీ ఉంది.

హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఒక వ్యాసం ప్రచురించింది. ఒకే భాష వచ్చినవారికంటే, రెండు అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవారికి జబ్బు నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా మొదలైందని తేల్చింది. చదువురానివారిలోనూ ఆ తేడా కనపడింది. మన కోనసీమ నుంచి కువైట్, మస్కట్ ఇళ్ళల్లో పనికి వెళ్ళి అరబ్బీ, హిందీ నేర్చుకొచ్చిన మన అక్కచెల్లెళ్ళను తక్కువగా చూడొద్దనడానికి ఇదొక కారణం.

2024లో లాన్సెట్ పత్రిక నియమించిన నిపుణుల సంఘం పద్నాలుగు కారణాలు చెప్పింది. వాటిని సరిదిద్దుకుంటే లోకంలో దాదాపు సగం డిమెన్షియాను ఆపవచ్చు, లేదా వెనక్కి నెట్టవచ్చు అంది. బీపీ, షుగరు, చెడు కొలెస్ట్రాల్, పొగ, మద్యం, వినికిడి తగ్గినా మిషను పెట్టుకోకపోవడం, చూపు తగ్గినా పట్టించుకోకపోవడం, తలకు దెబ్బలు, ఒంటరితనం అందులో ఉన్నాయి. చిన్నతనంలో చదువు లేకపోవడం కూడా ఉంది. ఏడో తరగతిలో బడి మానిపించిన ఆడపిల్లను తిరిగి తీసుకొచ్చి బెంచీ మీద కూర్చోబెట్టిన మాష్టారు, ఆ పిల్ల డెబ్బయ్యో ఏటికి కూడా మందు వేసినట్టే. మా ఆవిడ చదివింది, బీపీ షుగరు లేవు, అయినా వచ్చింది. కాబట్టి ఎవరికి వచ్చినా వాళ్ళ తప్పని మాత్రం అనకండి.

కాగితాల సంగతి ఒకటి. జబ్బు తెలిసిన వెంటనే, మనిషి అర్థం చేసుకుని సంతకం పెట్టగలిగినప్పుడే, బ్యాంకు ఖాతాలు, నామినీలు, వీలునామా సరిచేసుకోండి. చాలామంది పవర్ ఆఫ్ అటార్నీ ఉంటే చాలనుకుంటారు. మన చట్టం ప్రకారం ఇచ్చినవారు మతి కోల్పోతే అది చెల్లదు. అప్పుడు కోర్టుకు వెళ్ళాల్సి వస్తుంది. సలహాకు 14416 టెలీ మానస్, 14567 ఎల్డర్‌లైన్ ఉన్నాయి. కొచ్చిన్‌లో 1992లో మొదలైన అల్జీమర్స్ సంఘానికి హైదరాబాదులోనూ శాఖ ఉంది.

చివరగా మన సంఘాన్ని మూడు కోరుతున్నాను. ఒకటి, ఏడాదికోసారి ఈ ఆవరణలో యాభై దాటిన పూర్వ విద్యార్థులకు బీపీ, షుగరు, చూపు, వినికిడి, జ్ఞాపకశక్తి పరీక్షలు పెట్టించండి. రెండు, బడి మానేసే పిల్లల జాబితా హెడ్‌మాష్టారు దగ్గర తీసుకుని, ఒక్కొక్కరం ఒక్కొక్క పిల్ల బాధ్యత తీసుకుందాం. మూడు, ఇలాంటి రోగి ఉన్న ఇంటికి వంతులు వేసుకుని ఆదివారం రెండు గంటలు వెళ్ళి కూర్చోండి. చుట్టాలు ఫోన్ చేసి "ఏమైనా కావాలంటే చెప్పు" అంటారు. చెప్పడానికి మొహమాటం. "ఆదివారం పదింటికి వస్తున్నాను, నువ్వు బయటికి వెళ్ళిరా" అని చెప్పి రండి. ఆ రెండు గంటల్లో చూసుకునేవాడు క్షవరం చేయించుకుంటాడు, బీపీ చూపించుకుంటాడు, లేదా హాయిగా నిద్రపోతాడు. వాడు మంచాన పడితే ఆ ఇంట్లో రోగులు ఇద్దరవుతారు.

ఈ జాబితాలో మొదటి పేరు మా ఇంటిదే రాసుకోండి. మొహమాటం లేకుండా అడుగుతున్నాను. వచ్చేటప్పుడు ఏమీ తేవద్దు. ఎక్కాలు మాత్రం ఒకసారి చదువుకుని రండి, తప్పు చెబితే ఆవిడ ఊరుకోదు.