బస్తాలు మోసే బండి

రంగూన్‌లో పజుండౌంగ్ వాగు ఒడ్డున ఒకప్పుడు ఎన్నో బియ్యం మిల్లులుండేవి. ఆ మిల్లుల్లో, రేవులో బస్తాలు మోసినవాళ్లలో తెలుగువాళ్లు ఎందరో. 1930 మే నెలలో కూలి పెంచమని రేవులో సమ్మెకు దిగిందీ వాళ్లే.

ఇప్పుడు గోదాముల్లో ఆ బరువును ఫోర్క్‌లిఫ్ట్ ఎత్తుతోంది. వీపుకు భారం తగ్గింది. ప్రమాదం మాత్రం పోలేదు.

ఈ బండి వెనక చక్రాలతో మలుపు తిరుగుతుంది. అందుకే దాని వెనక భాగం విసురుగా పక్కకు వస్తుంది. అక్కడ నిలబడ్డ మనిషి గోడకూ బండికీ మధ్య నలిగిపోతాడు. ముందు సరుకు నిలువెత్తున ఉంటే డ్రైవరుకు దారి కనబడదు. అప్పుడు వెనక్కి చూస్తూ, వెనక్కే నడపాలి. బండి ఒరిగితే దూకకూడదు. దూకినవాళ్ల మీదే అది పడొచ్చు. బెల్టు పెట్టుకుని సీట్లోనే ఉండాలి.

గోదాము యజమానులారా, మనుషులకొక దారి, బండికొక దారి ఇవాళే గీయించండి.